గేటు దాటకుండా డిస్కు దాకా

సికింద్రాబాదులో కొన్నాళ్ళు కాపురమున్నవారికి కంప్యూటరులో కెర్నెల్ అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పనక్కరలేదు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీదుగా వెలసిన ఈ ఊరు పుట్టుకతోనే రెండు ఆవరణల ఊరు. ఒకటి మనబోటివాళ్ళం తిరిగే ఊరు, రెండవది దండువారి కంటోన్మెంటు. మల్కాజిగిరి నుంచి స్కూటరు మీద తిరుమలగిరి వైపు పోవాలంటే మధ్యలో ఒక గేటు, గేటు దగ్గర ఒక జవాను, ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క నిబంధన. 2018 మే నెలలో రక్షణ శాఖ కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను ప్రజలకు తెరవమని ఆదేశించినప్పుడు వినబడిన వాదనలు రెండే. గేటు వలన ఆలస్యమవుతోందన్నది ఒకరి మాట, గేటు లేకపోతే రక్షణ ఎక్కడిదన్నది ఇంకొకరి మాట. రెండూ నిజమే.

కంప్యూటరు లోపల కూడా ఈ రెండు ఆవరణలున్నాయి. మనం వ్రాసుకునే ప్రోగ్రాములన్నీ బయటి ఆవరణలో తిరుగుతాయి. దీనినే యూజర్ స్పేస్ అంటారు. డిస్కులు, నెట్‌వర్కు కార్డులు లోపలి ఆవరణలో ఉంటాయి, దానికి కాపలా కెర్నెల్. కెర్నెల్ అన్న మాటకు తెలుగు చేద్దామని కూర్చుంటే గింజ లోపలి పప్పు అని వస్తుంది. జీడిపప్పు, బాదంపప్పు ఉన్నప్పుడు నిర్వాహక వ్యవస్థ పప్పు ఎందుకుండకూడదు అనవచ్చు గానీ, చదివేవారు వేరే అర్థం తీసుకుని నవ్వుతారన్న భయంతో కెర్నెల్ అనే ఉంచేస్తున్నాను.

ఒక ప్రోగ్రాముకు డిస్కు మీది నాలుగు అక్షరాలు కావలసివచ్చిందనుకోండి. అది తానుగా డిస్కును ముట్టుకోలేదు. గేటు దగ్గరకు వచ్చి అర్జీ పెట్టుకుంటుంది. కెర్నెల్ ఆ అర్జీ పరిశీలించి, ఈ ఫైలు చదివే హక్కు ఇతనికి ఉందా అని చూసి, ఫైలు డిస్కులో ఏ మూల ఉందో వెతికి, డ్రైవరు చేత డిస్కుకు చెప్పించి, ప్రోగ్రామును నిద్రపుచ్చి, పని అయ్యాక డిస్కు పంపే ఇంటరప్టు అందుకుని, నిద్ర లేపి, సరుకు చేతిలో పెడుతుంది. యాభై యేళ్ళుగా ఇదే పద్ధతి. ఇప్పుడు ఈ గేటు జోలికే పోకుండా ప్రోగ్రామే డిస్కుతో నేరుగా మాట్లాడే పద్ధతి ఒకటి బాగా పేరు తెచ్చుకున్నది. ఇంటెల్ సంస్థ 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఎస్‌పీడీకే అన్న ఉపకరణాల పెట్టె ఇందులో ప్రసిద్ధం. మన జంటనగరాలలో నిల్వ వ్యవస్థల మీద పనిచేసే కుర్రవాళ్ళను కదిపితే, కెర్నెల్ అంటే దారికి అడ్డంగా పడుకున్న ఎద్దు అన్నట్టు మాట్లాడుతున్నారు. దాని మీదే ఈ టపా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కెర్నెల్‌ను తప్పించుకోవచ్చు గానీ కెర్నెల్ చేసే పనిని తప్పించుకోలేము. ఆ పని మన నెత్తిన పడుతుంది. మోయగలిగినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకది లాభమే. మిగిలినవాళ్ళు ఆ బరువును చూడకుండా వేగాన్ని మాత్రమే చూసి ఎత్తుకుంటున్నారు.

ముందు వేగం సంగతి న్యాయంగా ఒప్పుకోవాలి. పాత తిరుగుడు డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరిగేది. అంటే ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు. కావలసిన అక్షరం తల కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, దానికి ముందు తల సరియైన గాడికి జరగాలి. మొత్తం మీద ఒక్క చదువుకు 10 మిల్లీసెకన్లు, అంటే పదివేల మైక్రోసెకన్లు అనుకుందాం. కెర్నెల్ తతంగమంతా కలిపి 5 మైక్రోసెకన్లు తింటుందనుకుంటే, అది రెండువేలలో ఒక వంతు. పెళ్ళి ఖర్చులో తాంబూలం ఖర్చు పాటి కూడా కాదు. అందుకే ఆ రోజుల్లో కెర్నెల్ రాసేవాళ్ళు డిస్కు దారిలో ఎన్ని మజిలీలు పెట్టినా ఎవరూ అడగలేదు. పైగా ఆ మజిలీలలో కొన్ని లాభం చేసేవి. అర్జీలను కాసేపు ఆపి, పక్కపక్క గాళ్ళవి ఒక చోట చేర్చి పంపితే డిస్కు తల తిరుగుడు తగ్గేది.

ఫ్లాష్ డిస్కులు వచ్చేసరికి ఆ పదివేలు కాస్తా వంద మైక్రోసెకన్ల దరిదాపులకు దిగింది. 5 మైక్రోసెకన్లు ఇప్పుడు ఇరవయ్యో వంతు. 2017 మార్చిలో ఇంటెల్ ఆప్టేన్ అన్న కొత్త రకం డిస్కును తెచ్చింది, దాని జవాబు పది మైక్రోసెకన్లలో వచ్చేది. అక్కడ కెర్నెల్ తతంగం ఖర్చు సరుకు ఖర్చులో సగం. (ఆ ఆప్టేన్ వ్యాపారాన్ని ముగిస్తున్నట్టు 2022 జూలైలో ఇంటెలే ప్రకటించింది. ఇంత మంచి వస్తువు ఎందుకు నిలవలేదన్నది ఇంకో టపాకు సరిపడే విచారం.) దీనికి తోడు 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అన్న ప్రాసెసరు లోపం బయటపడింది. దాని నుంచి కాపాడుకోవడానికి ప్రతి గేటు దాటింపులోనూ పేజీ పట్టికలు మార్చవలసి వచ్చి, గేటు రుసుము ఇంకా పెరిగింది. కాబట్టి గేటు మీద విసుగు ఊరికే పుట్టింది కాదు.

ఇంకో ముఖ్యమైన మార్పు డిస్కుకూ ప్రాసెసరుకూ మధ్య ఉండే భాషలో వచ్చింది. పాత సాటా డిస్కులు వాడే ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకే వరుస, అందులో 32 అర్జీలకు చోటు. 2011 మార్చిలో వెలువడిన ఎన్‌వీఎమ్‌ఈ ప్రమాణంలో ఒక డిస్కుకు 65,535 వరుసలు పెట్టుకోవచ్చు, ఒక్కొక్క వరుసలో 65,536 అర్జీలు వేయవచ్చు. ఏ డిస్కూ నిజంగా అన్ని ఇవ్వదనుకోండి. కానీ ప్రాసెసరులోని ఒక్కొక్క కోరుకు ఒక్కొక్క సొంత వరుస ఇవ్వడానికి ఇది చాలు. యూజర్ స్పేస్ డ్రైవర్ల కథంతా ఈ వరుసల మీదే నడుస్తుంది. కాస్త నిదానంగా చెబుతాను, ఈ విషయంలో నాకు అందంగా కనబడే భాగం ఇదే.

మొదట డిస్కును కెర్నెల్ చేతిలోంచి విడిపించాలి. లినక్సులో అయితే కెర్నెల్ వారి ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవరును ఆ పరికరం నుంచి ఊడదీసి, దాని చోట ఏమీ చేయని ఒక ఉత్సవ విగ్రహం లాంటి డ్రైవరును కూర్చోబెడతారు. 2007లో 2.6.23 కెర్నెల్‌తో వచ్చిన యూఐఓ ఒకటి, 2012లో వచ్చిన వీఎఫ్‌ఐఓ ఇంకొకటి. వీటి పని ఒక్కటే, పరికరపు రిజిస్టర్లను ప్రోగ్రాము మెమరీలో ఒక భాగంగా కనబడేటట్టు చేయడం. ఈ క్షణం నుంచి కెర్నెల్ దృష్టిలో ఆ డిస్కు ఉన్నట్టే లెక్క కాదు. డిస్కుల జాబితాలో పేరు కూడా కనబడదు.

తరువాత ప్రోగ్రాము పెద్ద పేజీలలో మెమరీ తీసుకుంటుంది, ఒక్కొక్కటి 2 మెగాబైట్లది. ఎందుకంటే డిస్కు ప్రాసెసరును అడగకుండా తానే మెమరీలోంచి తీసుకుని, తానే వ్రాస్తుంది. కెర్నెల్ సాధారణ పేజీలను ఇష్టం వచ్చినప్పుడు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చగలదు. పేజీ మారిన సంగతి డిస్కుకు తెలియకపోతే అది పాత చిరునామాలోనే వ్రాస్తుంది, అక్కడ అప్పటికి ఎవరున్నారో దేవుడికెరుక. పెద్ద పేజీలయితే ఉన్నచోట ఉంటాయి.

ఆ మెమరీలో రెండు చక్రాకార వరుసలు కడతారు. ఒకటి అర్జీల వరుస, ఒకటి జవాబుల వరుస. అర్జీ 64 బైట్ల చీటీ. చీటీని వరుసలో చివర పెట్టి, పరికరపు రిజిస్టరులో కొత్త చివర ఎక్కడో ఒక అంకె వ్రాస్తారు. దీనిని డోర్‌బెల్ అంటారు. గంట కొట్టడమంటే ఇక్కడ మెమరీలోకి ఒక్క అంకె వ్రాయడం, అంతే. డిస్కు వచ్చి చీటీ తీసుకుపోయి, పని చేసి, జవాబుల వరుసలో 16 బైట్ల రసీదు పడేస్తుంది. ఆ రసీదులో ఒక బిట్టు ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగేటప్పుడు ఆ బిట్టు 1 అయితే తరువాతి చుట్టులో 0, ఆ పై చుట్టులో మళ్ళీ 1. ప్రోగ్రాము తాను ఎదురుచూస్తున్న గడిలో ఆ ఒక్క బిట్టును చూస్తే చాలు, ఇది ఇప్పటి రసీదా, కిందటి చుట్టులో మిగిలిపోయిన పాత రసీదా తెలిసిపోతుంది. తాళాలు లేవు, గేటు లేదు, ఇంటరప్టు లేదు. ఈ బిట్టు కనిపెట్టినవారికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అయితే ఇంటరప్టు లేనప్పుడు రసీదు వచ్చిందని ఎలా తెలుస్తుంది? చూస్తూ ఉండాలి. నిద్రలేకుండా, క్షణం విడవకుండా, ఆ గడి వైపే చూస్తూ ఉండాలి. పోలింగ్ అంటారు దీనిని. ఒక కోరు మొత్తం ఈ చూడడానికే అంకితం. పని ఉన్నా లేకపోయినా ఆ కోరు నూటికి నూరు పాళ్ళు నడుస్తూనే ఉంటుంది. లక్షల అర్జీలు వస్తున్నప్పుడు ఇది గొప్ప బేరం. 2019 మేలో ఎస్‌పీడీకే వాళ్ళు చాలా డిస్కులు కలిపి ఒకే కోరు మీద సెకనుకు కోటికి పైగా అర్జీలు నడిపి చూపించారు. కోటి అంటే ఒక్కొక్క అర్జీకి 100 నానోసెకన్లు, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు మీద 300 టిక్కులు. కానీ అర్ధరాత్రి ఎవరూ డిస్కును పలకరించని వేళ కూడా ఆ కోరు అదే వేగంతో, అదే కరెంటు తాగుతూ, ఖాళీ గడి వైపు చూస్తూ కూర్చుంటుంది. తరువాతి సంచికలలో ఇంటరప్టులతో నడిచే పద్ధతిని కూడా చేర్చారు గానీ, ఆ పెట్టెను వాడేవాళ్ళు దాని కోసం రారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదని కూడా చెప్పాలి. మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1981లోనే నిర్వాహక వ్యవస్థలు డేటాబేసులకు చేసే సేవ కన్నా అడ్డమే ఎక్కువని వ్యాసం వ్రాశాడు. వాక్స్ యంత్రాల మీది వీఎంఎస్‌లో, తగిన అధికారమున్న ప్రోగ్రాము పరికరపు రిజిస్టర్లను తన మెమరీలోకి తెచ్చుకుని, ఇంటరప్టుకు కూడా తానే ముడిపడే సౌకర్యం ఉండేది. 1995లో ఎమ్‌ఐటీ వారి ఎక్సోకెర్నెల్ అయితే కెర్నెల్ పని రక్షణ మాత్రమే, మిగతా అంతా ప్రోగ్రాముల ఇష్టమని సిద్ధాంతమే చేసింది. నెట్‌వర్కు కార్డుల కోసం ఇంటెల్ 2010లో మొదలుపెట్టిన డీపీడీకే ఎస్‌పీడీకేకు అక్క వరస. దానికి ఆద్యుడైన వెంకీ వెంకటేశన్ 2018లో కాలం చేశాడు. ఆ యేటి మే సంచికకు వెంకీ అని ఆయన పేరే పెట్టారు. సాఫ్ట్‌వేరు లోకంలో ఇటువంటి మర్యాద అరుదు, అందుకని చెప్పాను.

ఇప్పుడు సికింద్రాబాదుకు సంబంధించిన అసలు సంగతి. ఇక్కడి దక్షిణ మధ్య రైల్వే రిజర్వేషను కౌంటర్ల చరిత్రలో ఈ వాదానికి రెండు వైపులా సాక్ష్యముంది. కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్లు చేతిరాత రిజిస్టర్లలో జరిగేవి. ఫలానా బండికి, ఫలానా తేదీకి ఒక రిజిస్టరు, అది ఫలానా కౌంటరు గుమాస్తా దగ్గర. ఆ గుమాస్తా ఎవరినీ అడగనవసరం లేదు. రిజిస్టరు తీశాడు, ఖాళీ బెర్తు చూశాడు, పేరు వ్రాశాడు. ఒకే బెర్తు ఇద్దరికి పోయే ప్రమాదం లేదు, ఎందుకంటే ఆ రిజిస్టరును ముట్టుకునే చెయ్యి ఒకటే. తాళాలు లేని పద్ధతి అంటే ఇదే. ఎస్‌పీడీకేలో ఒక్కొక్క కోరుకు ఒక్కొక్క వరుస ఇచ్చి, ఆ వరుసను ఇంకెవరూ ముట్టుకోకూడదని పెట్టిన నియమం ఆ గుమాస్తా రిజిస్టరే.

దాని కష్టం కూడా తెలిసిందే. ఒక కౌంటరు ముందు జనం బారులు తీరి ఉంటే, పక్క కౌంటరులో గుమాస్తా గోళ్ళు గిల్లుకుంటూ ఉండేవాడు. అతని రిజిస్టరు వేరు. రెండు బళ్ళకు టికెట్లు కావలసినవాడు రెండు వరుసలలో నిలబడవలసిందే.

1994 సెప్టెంబరులో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం తయారుచేసిన కాన్సర్ట్ అన్న సాఫ్ట్‌వేరు మొట్టమొదట అమలైంది సికింద్రాబాదులోనే. తరువాత ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసులకు వెళ్ళింది. 1999కల్లా అయిదు కేంద్రాలూ కలిసిపోయి, ఏ ఊరి కౌంటరులోనైనా ఏ ఊరి బండికైనా టికెట్టు కొనుక్కునే వీలు వచ్చింది. ఇది వీఎంఎస్ మీద నడిచిన వ్యవస్థ. గుమాస్తా చేతిలోని రిజిస్టరును లాక్కుని అందరి మధ్యా పెట్టి, మధ్యలో ఒక నమ్మకమైన పెద్దను కూర్చోబెట్టడమే అది చేసిన పని. ఒక్కొక్క టికెట్టు వెనుక ఇప్పుడు తాళాలు, తనిఖీలు, అనుమతులు ఉన్నాయి. రిజిస్టరు తీసి పేరు వ్రాయడం కన్నా యంత్రం లోపల జరిగే తతంగం ఎక్కువే. అయినా వరుసలు తగ్గాయి. పంచుకోవలసిన సొమ్ము ఉన్నచోట మధ్యలో పెద్ద ఉండడం ఆలస్యం కాదు, సౌకర్యం. యూజర్ స్పేస్ డ్రైవర్ల గురించి జరిగే చర్చలలో ఈ ఒక్క విషయం మాత్రం ఎవరూ ఎత్తరు.

డిస్కును విడిపించుకున్నాక ఏమేమి పోతాయో చూడండి. ఫైలు వ్యవస్థ పోతుంది. మనకు మిగిలేది అంకెలు వేసిన గడుల బారు మాత్రమే. ఏ ఫైలు ఏ గడిలో ఉందన్న లెక్క మనమే వ్రాసుకోవాలి. ఎస్‌పీడీకేలో బ్లాబ్‌స్టోర్ అని ఒకటి ఇచ్చారు గానీ అది మనం అలవాటుపడిన ఫైలు వ్యవస్థ కాదు. ఒకసారి చదివినది మళ్ళీ అడిగితే మెమరీలోంచే ఇచ్చే కెర్నెల్ పేజీ క్యాషె పోతుంది. అనుమతుల వ్యవస్థ పోతుంది, డిస్కును పట్టుకున్న ప్రోగ్రాముకు ఆ డిస్కులో సర్వాధికారాలు. పక్క ప్రోగ్రాముకు అదే డిస్కులో కాస్త చోటు కావాలంటే, పట్టుకున్న ప్రోగ్రామును అడుక్కోవాలి. అంటే ఆ ప్రోగ్రాము ఇంకో చిన్న కెర్నెల్ అవతారమెత్తాలి. డిస్కు ఎంత బిజీగా ఉందో చెప్పే మన పాత పనిముట్లన్నీ కెర్నెల్‌ను అడిగి చెబుతాయి, కెర్నెల్‌కే తెలియనప్పుడు అవేం చెబుతాయి? అర్ధరాత్రి ఫోను మోగితే లేచి యంత్రం ముందు కూర్చునేవాడి బాధ ఇది. డిస్కు కరిగిపోతూ ఉంటుంది, జాబితాలో డిస్కు పేరే ఉండదు. ఎస్‌పీడీకే సొంత పనిముట్లు ఇస్తుంది, కానీ వాటిని నేర్చినవాడు ఆ వేళకు అందుబాటులో ఉండాలి.

వ్రాసిన అక్షరం నిజంగా డిస్కులో పడిందా అన్నది ఇంకా నాజూకైన వ్యవహారం. చాలా డిస్కులకు తమ లోపల ఒక తాత్కాలిక మెమరీ ఉంటుంది. వ్రాశానని రసీదు ఇచ్చేస్తాయి, నిజానికి ఇంకా చేతిలోనే ఉంటుంది, కరెంటు పోతే పోయినట్టే. ఫ్లష్ అన్న ఆజ్ఞ పంపితే అప్పుడు లోపలికి దింపుతాయి. కెర్నెల్ ఫైలు వ్యవస్థ మనకు తెలియకుండానే సమయం చూసి ఆ ఆజ్ఞ పంపుతుంది. గేటు తప్పించుకున్నవాడు ఆ ఆజ్ఞ ఎప్పుడు పంపాలో తానే తెలుసుకోవాలి. తెలియకపోయినా అన్ని పరీక్షలూ నెగ్గుతాడు, ఇంకా వేగంగా నెగ్గుతాడు కూడా. కరెంటు పోయిన రోజున తెలుస్తుంది.

ఇక ప్రోగ్రాము హఠాత్తుగా చచ్చిపోతే? మామూలు పద్ధతిలో ప్రోగ్రాము పోయినా డ్రైవరు కెర్నెల్‌లో బ్రతికే ఉంటుంది. యూజర్ స్పేస్ పద్ధతిలో ప్రోగ్రామూ డ్రైవరూ ఒకే శరీరం, రెండూ కలిసే పోతాయి. డిస్కు మాత్రం పోలేదు. దానికి అందిన చీటీలు దాని దగ్గరే ఉన్నాయి. చీటీ మీద వ్రాసిన మెమరీ చిరునామాకు అది నమ్మకంగా సరుకు మోసుకువస్తుంది. ఆ ఇంట్లో ఈసరికి వేరే అద్దెకున్నవాళ్ళు దిగి ఉండవచ్చు. వీఎఫ్‌ఐఓ వాడితే ఇక్కడ కెర్నెల్ మళ్ళీ అడ్డం పడుతుంది. ప్రోగ్రాము పోయిన వెంటనే ఐఓఎమ్ఎమ్‌యూ అన్న సర్క్యూటులో ఆ డిస్కుకు ఇచ్చిన అనుమతులు రద్దు చేసి, పరికరాన్ని రీసెట్ చేస్తుంది. అంటే కెర్నెల్‌ను పూర్తిగా తప్పించాము అన్నది కూడా పూర్తి నిజం కాదు. రోజువారీ దారిలోంచి తప్పించాము, శవసంస్కారానికి మాత్రం పిలుచుకున్నాము. యూఐఓ వాడితే ఆ దిక్కు కూడా లేదు. ఐఓఎమ్ఎమ్‌యూ ఆపితే ఇంకాస్త వేగం వస్తుందని ఆపేసి, యూఐఓతో నడిపే ఏర్పాట్లు ఉన్నాయని విన్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ డిస్కులలో ఉండేది పరీక్ష కోసం వ్రాసిన సున్నాలు కాదు, ఎవరివో ఖాతాలు.

మనలో 2005 ప్రాంతాలలో లినక్సులో పోతన ఖతి కనబడేటట్టు చేసుకోవడానికి రాత్రిళ్ళు మేలుకున్నవాళ్ళకు ఇంకో ఉదాహరణ గుర్తుండాలి. ఆ రోజుల్లో తెరను నడిపే ఎక్స్ సర్వరు యూజర్ స్పేస్ ప్రోగ్రామే. రూట్ అధికారంతో గ్రాఫిక్సు కార్డు రిజిస్టర్లను తానే నేరుగా ముట్టుకునేది. కెర్నెల్‌కు తెర మీద ఏం జరుగుతోందో తెలియదు. ఎక్స్ బిగుసుకుపోతే తెర నల్లబడేది, యంత్రం లోపల బ్రతికే ఉన్నా మనకు పవర్ బటనే గతి. లాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపితే తెర వెలగకపోవడం ఆ కాలపు అతి సామాన్యమైన రోగం. 2009లో 2.6.29 కెర్నెల్‌తో మొదలుపెట్టి ఆ పనిని మెల్లగా కెర్నెల్‌లోకి తీసుకుపోయారు. ఒకే కార్డును ఎక్స్, కన్సోలు, నిద్రపుచ్చే యంత్రాంగం ముగ్గురూ ముట్టుకోవలసివచ్చినప్పుడు మధ్యలో పెద్ద కావలసివచ్చాడు. గేటు బయట పెట్టిన డ్రైవరు గేటు లోపలికి తిరిగివచ్చిన కథ ఇది. డిస్కుల విషయంలో మాత్రం మనం ఎదురు దిశలో నడుస్తున్నాము.

కెర్నెల్ వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2014 జనవరిలో వచ్చిన 3.13 కెర్నెల్‌తో డిస్కు అర్జీల పాత ఒంటి వరుసను పగలగొట్టి కోరుకొక వరుస చేశారు. 2019 మేలో 5.1 కెర్నెల్‌తో జెన్స్ ఆక్స్‌బో వ్రాసిన ఐఓ యూరింగ్ వచ్చింది. ప్రోగ్రాముకూ కెర్నెల్‌కూ మధ్య రెండు చక్రాకార వరుసలు, ఒకటి అర్జీలకు, ఒకటి జవాబులకు. వినగానే గుర్తుపట్టారు కదా, ఎన్‌వీఎమ్‌ఈ డిస్కు నేర్పిన పాఠాన్నే గేటు దగ్గర అమలు చేశారు. వంద అర్జీలు వరుసలో పెట్టి ఒక్కసారి గేటు తడితే చాలు, కావాలంటే కెర్నెల్ వైపు మనిషి ఒకడు ఆ వరుసనే చూస్తూ కూర్చునేటట్టు పెట్టి, తట్టడం కూడా మానేయవచ్చు. 2022లో 5.19 కెర్నెల్ నుంచి ఎన్‌వీఎమ్‌ఈ ఆజ్ఞలను యథాతథంగా ఇదే దారిలో పంపే వీలు వచ్చింది. ఎస్‌పీడీకే చూపించిన కోటి అర్జీల గీతను, తగిన యంత్రం మీద, ఐఓ యూరింగ్ కూడా రెండు మూడేళ్ళలోనే దాటింది. ఎస్‌పీడీకే లేకపోతే కెర్నెల్ ఇంత త్వరగా కదిలేదా అంటే, కదిలేది కాదనే నా నమ్మకం. ఆ మేరకు గేటు తప్పించుకున్నవాళ్ళకు మనమంతా ఋణపడ్డాము.

నా వాదానికి ఎదురుగా ఉన్న సాక్ష్యాన్ని దాచడం న్యాయం కాదు. 2023 జూన్‌లో గూగుల్ ఒక సంగతి బయటపెట్టింది. కెర్నెల్‌లో కన్నాలు చూపించినవారికి బహుమతులిచ్చే తమ పథకానికి 2022లో వచ్చిన వాటిలో పదింట ఆరు ఐఓ యూరింగ్ ద్వారా చొరబడినవేనట. అందుచేత తమ సర్వర్లలోనూ, క్రోమ్ ఓఎస్‌లోనూ దాన్ని ఆపివేశారు. గేటును వెడల్పు చేస్తే దొంగలకూ దారి వెడల్పవుతుంది. ఎస్‌పీడీకే పక్షం వాళ్ళు ఇది చూపించి, మేము కెర్నెల్‌లో కొత్త కోడు ఒక్క పంక్తి కూడా చేర్చము, మా ప్రోగ్రాము చెడితే మా ప్రోగ్రామే చెడుతుంది అంటారు. ఐఓఎమ్ఎమ్‌యూ ఆపకుండా నడిపేవారి నోట ఈ మాట వినడానికి నేను సిద్ధమే.

మరి ఎవరికి ఇది తగును? పెళ్ళివారు రైల్లో ఒక బోగీ మొత్తం మాట్లాడుకున్నట్టు, డిస్కులన్నీ ఒకే ప్రోగ్రామువైన చోట తగును. ఆ బోగీలో కింది బెర్తు తాతగారికా, చంటిపిల్లల తల్లికా అన్నది పెళ్ళికూతురి మేనమామ తేలుస్తాడు, టీటీఈతో పని లేదు. పెద్ద పెద్ద నిల్వ సర్వర్లలో నడిచేది అదొక్క ప్రోగ్రామే. ఇంటెల్ మొదలుపెట్టిన డాస్ అన్న నిల్వ వ్యవస్థ ఎన్‌వీఎమ్‌ఈ డిస్కుల కోసం ఎస్‌పీడీకేనే వాడుతుంది, అమెరికాలో ఆర్గాన్ ప్రయోగశాల వారి అరోరా సూపర్ కంప్యూటరు దాని మీదే నడుస్తున్నది. అక్కడ కోర్లు ఎప్పుడూ ఖాళీగా ఉండవు, రాత్రీ పగలూ చూస్తూ కూర్చున్నా దండగ కాదు, వేసిన ప్రతి అడుగు తెలిసిన ఇంజనీర్లున్నారు. 2022 నవంబరులో హైదరాబాదులో కేంద్రం తెరిచిన అమెజాన్ వారయితే ఇంకో మెట్టు పైకి పోయారు. నైట్రో అన్న విడి కార్డు మీదికి నిల్వ పనినే తరలించేశారు. అద్దెకు తీసుకున్నవారికి కనబడేది మామూలు ఎన్‌వీఎమ్‌ఈ డిస్కు, దాని వెనుక ఉన్నది ఇంకో కంప్యూటరు.

ఇంకో నడిమి దారి కూడా ఉంది. సెఫ్ అన్న నిల్వ వ్యవస్థవారు పదేళ్ళు కెర్నెల్ ఫైలు వ్యవస్థల మీద నడిపి విసిగి, 2017లో బ్లూస్టోర్ అన్న సొంత పద్ధతికి మారారు. ఫైలు వ్యవస్థను వదిలేశారు గానీ మామూలుగా డిస్కు దగ్గరకు మాత్రం కెర్నెల్ డ్రైవరు ద్వారానే పోతారు. ఏది అడ్డమో అది మాత్రమే తీసి పక్కన పెట్టడం ఇది. వాళ్ళు ఆ పదేళ్ళ అనుభవాన్ని 2019లో వ్యాసంగా ప్రచురించారు, తప్పక చదవదగ్గది.

ఒక్క డేటాబేసు, రెండు వెబ్ సర్వర్లు, సెకనుకు పదివేల అర్జీలు ఉన్న సంస్థవారు కూడా ఎస్‌పీడీకే పెట్టుకుందామని లేచినప్పుడే నాకు కష్టంగా ఉంటుంది. పదివేల అర్జీలకు ఐఓ యూరింగ్ కూడా అక్కరలేదు, పాత పద్ధతి చాలు. వాళ్ళు ఒక కోరును, దాని కరెంటును, పేజీ క్యాషెను, అనుమతులను, రాత్రి మేలుకునేవాడి నిద్రను ఇచ్చి కొనుక్కుంటున్నది అర్జీకి నాలుగైదు మైక్రోసెకన్లు. ఆ మైక్రోసెకన్లు ఎక్కడ పోతున్నాయో ముందు కొలిచి చూశారా అని అడిగితే, చాలాసార్లు కొలవలేదనే జవాబు వస్తుంది. కొలిచిన చోట్ల ఎక్కువగా నెట్‌వర్కులోనో, సరిగా సూచిక కట్టని పట్టికలోనో తేలుతాయి.

నిజంగా ఎస్‌పీడీకేను రోజూ పనిలో నడిపిస్తున్న తెలుగు మిత్రులెవరైనా ఉంటే ఒక్క సంగతి వ్రాయమని కోరుతున్నాను. నిండు భారం మీద నడుస్తున్న వేళ ఆ ప్రోగ్రామును బలవంతంగా చంపి చూశారా? తిరిగి లేచాక ఎన్ని అర్జీలు దక్కాయి, ఎన్ని దక్కలేదు, ఆ లెక్క మీకు ఎవరు చెప్పారు?